25 పౌండ్లతో ఆగిపోని ఫ్లోరీ

యూనివర్సిటీలో ఫలానా ప్రొఫెసర్‌కు రీసెర్చ్ గ్రాంట్ మంజూరైందన్న వార్త కనిపిస్తే మీరేం చేస్తారు? ఉద్యోగ నోటిఫికేషన్ కాదు కదా అని పేజీ తిప్పేస్తారు. కానీ చాలా గ్రాంట్లలో జీతాల పద్దు ఒకటి ఉంటుంది. మీలాంటి వాళ్లకు చోటు దొరికేది అక్కడే. ఆ చోటు ఎంత విలువైనదో తెలియాలంటే హోవార్డ్ ఫ్లోరీ జీవితం చదవాలి. పెన్సిలిన్ అనగానే మనకు అలెగ్జాండర్ ఫ్లెమింగ్ గుర్తొస్తారు. దాన్ని మందుగా మార్చి రోగి మంచం దాకా తెచ్చింది మాత్రం ఫ్లోరీ బృందం.

అప్పుల ఇంటి నుంచి ఆక్స్‌ఫర్డ్‌కు

ఫ్లోరీ 1898లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో పుట్టారు. తండ్రిది బూట్ల తయారీ వ్యాపారం. ఫ్లోరీ మెడిసిన్ చదువుతుండగానే 1918లో ఆయన చనిపోయారు, కంపెనీ కూడా దివాలా తీసింది. స్కాలర్‌షిప్ ఉండబట్టి చదువు ఆగలేదు. తర్వాత రోడ్స్ స్కాలర్‌షిప్ వచ్చింది. ఓడలో డాక్టరుగా పనిచేస్తూ ఇంగ్లాండ్ చేరుకున్నారు.

1925లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఫెలోషిప్‌పై అమెరికా వెళ్లారు. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఏఎన్ రిచర్డ్స్ అనే ప్రొఫెసర్ దగ్గర పనిచేశారు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

1935లో ఆక్స్‌ఫర్డ్‌లో పాథాలజీ ప్రొఫెసర్ అయ్యారు. అప్పటికి పాథాలజీ విభాగమంటే డాక్టర్లే ఉండాలన్న ఆలోచన బలంగా ఉండేది. ఫ్లోరీ అలా అనుకోలేదు. జర్మనీలో నాజీల పాలన మొదలయ్యాక ఇంగ్లాండ్ వచ్చేసిన యూదు బయోకెమిస్ట్ ఎర్నస్ట్ చెయిన్‌ను తీసుకున్నారు. మరుసటి ఏడాది నార్మన్ హీట్లీ అనే యువ బయోకెమిస్ట్ చేరారు. మనుషులైతే దొరికారు గానీ, వాళ్ల జీతాలకు, సామాన్లకు డబ్బు వెతకడం ఫ్లోరీకి రోజూ ఉండే తలనొప్పి అయింది.

ఒకే ప్రశ్న, రెండు తలుపులు

1938లో చెయిన్ పాత పేపర్లు తిరగేస్తుంటే, 1929లో ఫ్లెమింగ్ రాసిన పెన్సిలిన్ వ్యాసం కంటబడింది. ఒక బూజు బాక్టీరియాను చంపుతోందని అందులో ఉంది. ఆ పదార్థాన్ని శుద్ధి చేసి మందుగా నిలబెట్టడం అప్పటిదాకా ఎవరి వల్లా కాలేదు.

1939 సెప్టెంబర్ 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. మూడు రోజులకే ఫ్లోరీ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్‌కు నిధుల కోసం లేఖ రాశారు. ముందుగా చేతికొచ్చింది 25 పౌండ్లు. మీరైతే ఏం చేసేవారు? చాలామంది అక్కడితో వదిలేస్తారు.

ఫ్లోరీ ఇంకో తలుపు తట్టారు. తాను ఒకప్పుడు ఫెలోగా వెళ్లిన రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్‌కే దరఖాస్తు పెట్టారు. ఇక్కడ ఆయన తెలివి గమనించండి. ఒక్క మందు పేరు చెప్పి ఊరుకోలేదు. సూక్ష్మజీవులు తయారుచేసే, బాక్టీరియాను చంపే పదార్థాల రసాయన అధ్యయనం అంటూ ప్రశ్నను విశాలంగా పెట్టారు. జీవశాస్త్రానికి కెమిస్ట్రీని జోడించే పనులకు ఊతమివ్వడం ఆ ఫౌండేషన్‌కు ఇష్టం. అందుకే ఏడాదికి 5,000 డాలర్ల చొప్పున ఐదేళ్లపాటు మంజూరు చేసింది. మొత్తం ఎంతన్నది ఒక ఎత్తు, ఐదేళ్ల భరోసా ఇంకో ఎత్తు. రేపు జీతం వస్తుందో రాదో అన్న బెంగ లేనప్పుడే మనిషి కష్టమైన పనికి సిద్ధపడతాడు.

బెడ్‌పాన్లలో మందు

హీట్లీ నిజానికి ఆ టైమ్‌కి కోపెన్‌హాగన్‌లో ఉండాల్సింది. అక్కడ పనిచేయడానికి ఫెలోషిప్ కూడా వచ్చింది. యుద్ధం వల్ల ప్రయాణం ఆగిపోయింది. ఫ్లోరీ ఆయన్ని పెన్సిలిన్ పనిలో పెట్టారు. బూజు ద్రవంలోని పెన్సిలిన్‌ను ఈథర్‌లోకి లాగి, మళ్లీ క్షార గుణమున్న నీటిలోకి తెచ్చి శుద్ధి చేసే పద్ధతి హీట్లీదే.

1940 మే 25న ఎనిమిది ఎలుకలకు ప్రాణాంతకమైన స్ట్రెప్టోకాకస్ ఎక్కించారు. నాలుగింటికి పెన్సిలిన్ ఇచ్చారు. హీట్లీ రాత్రంతా అక్కడే కూర్చున్నారు. తెల్లారేసరికి మందు అందని నాలుగూ చనిపోయాయి. మందు అందినవి బతికే ఉన్నాయి.

మనుషులకు ఇవ్వాలంటే అంతకు ఎన్నో రెట్లు మందు కావాలి. ఆస్పత్రి బెడ్‌పాన్లు, పాల క్యాన్లు, స్నానాల తొట్టి, ఏది దొరికితే అందులోనే పని. బూజు పెంచడానికి హీట్లీ మట్టి పాత్రలు డిజైన్ చేసి చేయించారు. వాటిని చూసుకోవడానికి అమ్మాయిలను పనిలో పెట్టుకున్నారు. యూనివర్సిటీ ల్యాబ్ చిన్న ఫ్యాక్టరీలా మారిపోయింది.

1941 ఫిబ్రవరిలో, ఇన్‌ఫెక్షన్‌తో ఒళ్లంతా పుండ్లు పడిన ఒక పోలీసుకు మందు ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే కోలుకోవడం మొదలైంది. అంతలో మందు అయిపోయింది. ఆయన మూత్రం నుంచి పెన్సిలిన్‌ను తిరిగి తీసి మళ్లీ ఎక్కించారు, అదీ సరిపోలేదు. మార్చిలో ఆయన చనిపోయారు. మందు పనిచేస్తుందని తేలింది, లేనిదల్లా మోతాదే. ఆ బాధ ఫ్లోరీని అమెరికాకు నడిపించింది.

పాత పరిచయం పనికొచ్చింది

1941 వేసవిలో ఫ్లోరీ, హీట్లీ అమెరికా వెళ్లారు. ప్రయాణ ఖర్చు కూడా రాక్‌ఫెల్లర్ ఫౌండేషనే పెట్టుకుంది. అక్కడ యుద్ధకాలపు వైద్య పరిశోధన కమిటీకి అధిపతి ఎవరో తెలుసా? ఆ రిచర్డ్సే! ఆయన మందుల కంపెనీలను కదిలించారు. పియోరియాలోని ప్రభుత్వ ల్యాబ్‌లో మొక్కజొన్న నానబెట్టిన ద్రవంతో దిగుబడి బాగా పెరిగింది. 1944లో నార్మండీ తీరంలో సైన్యం దిగే నాటికి గాయపడిన సైనికులకు సరిపడా పెన్సిలిన్ సిద్ధమైంది.

1945లో ఫ్లెమింగ్, ఫ్లోరీ, చెయిన్‌లకు కలిపి నోబెల్ వచ్చింది. విలేకరులను దూరం పెట్టే ఫ్లోరీకి జనంలో అంత పేరు రాలేదు. 1960లో రాయల్ సొసైటీ అధ్యక్షుడయ్యారు. 1968లో కన్నుమూశారు. హీట్లీకి నోబెల్‌లో వాటా లేదు. 1990లో ఆక్స్‌ఫర్డ్ ఆయనకు మెడిసిన్‌లో గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. డాక్టర్ కాని వ్యక్తికి అక్కడ ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

మరి మీరు?

మన యూనివర్సిటీల్లో కూడా ఏఎన్‌ఆర్‌ఎఫ్, డీబీటీ, ఐసీఎస్‌ఎస్‌ఆర్ లాంటి సంస్థల గ్రాంట్లతో ప్రాజెక్టులు నడుస్తుంటాయి. సైన్స్ వాళ్లకే కాదు, సోషల్ సైన్సెస్ చదివినవాళ్లకూ వాటిలో జేఆర్‌ఎఫ్, ప్రాజెక్ట్ అసోసియేట్, ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్ లాంటి పోస్టులు ఉంటాయి. ఇవి పర్మనెంట్ కావు, నిజమే. అందుకే చేరే ముందు మూడు సంగతులు కనుక్కోండి. గ్రాంట్ ఇంకా ఎన్నేళ్లుంది? ప్రాజెక్టు అడుగుతున్న ప్రశ్న ఏంటి? అందులో మీ చేతికి దొరికే పని ఏది?

మూడో దానికి స్పష్టమైన జవాబు దొరికితే, తాత్కాలికం కదా అని వదులుకోకండి. అనుకున్న కోపెన్‌హాగన్ చేజారిపోయినా, హీట్లీ చేతికి దొరికిన పని కోట్ల ప్రాణాలు నిలిపింది.