జ్ఞానపు త్రాసు చేసిన ఖాజినీ

దివ్య ఖుర్ఆన్‌లో త్రాసు ప్రస్తావన పలుచోట్ల వస్తుంది. ‘అర్రహ్మాన్’ సూరాలో ఆకాశాన్ని ఎత్తి నిలిపిన సంగతి చెప్పిన వెంటనే త్రాసు మాట వస్తుంది. ఆ వెనుకనే తూకంలో హద్దు మీరరాదన్న హెచ్చరిక ఉంది. ‘ముతఫ్ఫిఫీన్’ అనే సూరా పేరే తూకంలో దగా చేసేవారిని ఉద్దేశించినది. మద్‌యన్ ప్రజలకు హజ్రత్ షుఐబ్ (అలైహిస్సలాం) చేసిన బోధనలో ఏకదైవారాధన తర్వాత ప్రముఖంగా కనిపించేది కొలతల్లో, తూనికల్లో నిజాయితీయే. ఈ ఆయతులు మనం తరచూ వింటూనే ఉంటాం. వాటిని విని, దగాకు తావులేని త్రాసును స్వయంగా తయారుచేసి చూపిన పండితుడు ఒకరున్నారు. ఆయనే అబ్దుర్రహ్మాన్ ఖాజినీ.

ఖాజినీ జీవితమంతా మర్వ్ నగరంలోనే గడిచింది. ఖురాసాన్ ప్రాంతంలో ముర్గాబ్ నది నీటితో బతికిన ఈ మహానగరం శిథిలాలు నేటి తుర్క్‌మెనిస్తాన్ దేశంలో ఉన్నాయి. సల్జూఖ్ వంశానికి చెందిన సుల్తాన్ సంజర్‌కు మర్వ్ రాజధాని. ఆయన 1097 నుంచి ఖురాసాన్ పాలకుడిగాను, 1118 నుంచి 1157 వరకు సుల్తానుగాను ఉన్నారు. అక్కడి మదరసాలు, మస్జిదులు, గ్రంథాలయాలు ఎంత పేరుపొందినవంటే, తర్వాతి కాలంలో వచ్చిన ప్రసిద్ధ భూగోళ రచయిత యాఖూత్ హమవీ ఆ నగరాన్ని విడిచి వెళ్లలేక వెళ్లానని రాసుకున్నారు. వక్ఫ్ చేసిన గ్రంథాలయాలు పది ఉండేవని, ఒక్కదానిలోనే పన్నెండు వేల గ్రంథాలు ఉండేవని, తన ఇంట్లో ఎప్పుడూ రెండు వందల అరువు పుస్తకాలు ఉండేవని ఆయన చెప్పారు.

ఈ నగరానికి ఖాజినీ బానిసగా వచ్చారు. ఆయన పుట్టుకతో రూమీ, అంటే బైజాంటియం రాజ్యపు గ్రీకు సంతతివారు. మర్వ్‌లో ఖజానా అధికారిగా ఉన్న అలీ అల్ ఖాజిన్ అనే పెద్దమనిషి ఇంట బానిస బాలుడిగా పెరిగారు. ‘ఖాజిన్’ అంటే ఖజానాదారు. యజమాని పేరే ఆయనకు ఇంటిపేరై ‘ఖాజినీ’ అయింది. ఆ యజమాని అబ్బాయిలోని చురుకుదనాన్ని గుర్తించి, రేఖాగణితం, తత్వశాస్త్రం, ఖగోళ విద్యలలో మంచి శిక్షణ ఇప్పించారు. బానిసకు విద్యాబుద్ధులు నేర్పడం గొప్ప పుణ్యకార్యమని మన గ్రంథాలు చెబుతూనే ఉన్నాయి. ఆ మాటను ఆచరణలో పెట్టినవారు మాత్రం కొద్దిమందే. అలీ అల్ ఖాజిన్ పేరు ఈనాటికీ మిగిలి ఉన్నదంటే తాను కాపలా కాసిన ఖజానా వల్ల కాదు, ఈ శిష్యుడి వల్లనే.

ఖాజినీ మొదటి గొప్ప రచన ఖగోళానికి సంబంధించినది. సుల్తాన్ సంజర్ పేరు మీద ఆయన రచించిన ‘జీజ్’, అనగా గ్రహగతుల పట్టికల గ్రంథంలో, హిజ్రీ 509 (క్రీ.శ. 1115) నాటికి లెక్కకట్టిన 43 నక్షత్రాల స్థానాలు ఉన్నాయి. నెలవంక ఎప్పుడు కంటికి కనిపిస్తుందో తెలుసుకునే లెక్కలు కూడా అందులో ఉన్నాయి. రంజాన్ నెలవంక విషయమై ఏటేటా మన ఊళ్లలో జరిగే వాదోపవాదాలు చూస్తుంటే, తొమ్మిది వందల ఏళ్ల క్రితమే ఒక పండితుడు దీనికోసం పట్టికలు వేశారన్న సంగతి గుర్తుంచుకోదగినది.

ఆ గ్రంథానికి మెచ్చి సుల్తాన్ సంజర్ వేయి దీనార్లు బహుమానంగా పంపారు. ఖాజినీ ఆ సొమ్మును తిప్పి పంపేశారు. తన దగ్గర పది దీనార్లు ఉన్నాయని, ఏడాదికి మూడు దీనార్లు తన ఖర్చుకు సరిపోతాయని, ఇంట్లో తనతో పాటు ఉన్నది ఒక పిల్లి మాత్రమేనని కబురు చేశారు. ఒక అమీరు భార్య పంపిన మరో వేయి దీనార్లకూ ఇదే గతి పట్టింది. వారానికి మూడుసార్లు మాత్రమే మాంసం తిని, మిగతా రోజులు రొట్టెతో సరిపెట్టుకుంటూ దర్వేషుల దుస్తుల్లో గడిపేవారు. ఈ సంగతులు రాసి ఉంచినవారు ఆయనకు ఇంచుమించు సమకాలికులైన జహీరుద్దీన్ బైహఖీ. హదీసు గ్రంథాల సంకలనకర్త ఇమామ్ బైహఖీ వేరు, ఈయన వేరు. పేర్లు ఒకటిగా ఉండడం వల్ల కొందరు పొరబడుతుంటారు.

ఇక త్రాసు సంగతికి వద్దాం. దానికి ముందు ఒక విషాదం జరిగింది. అబూ హాతిం ముజఫ్ఫర్ ఇస్ఫిజారీ అనే పండితుడు, ఉమర్ ఖయ్యాం సమకాలికుడు, ఎన్నో ఏళ్లు శ్రమించి ఒక త్రాసు నిర్మించారు. బంగారంలో కల్తీని, రత్నాలలో నకిలీని బయటపెట్టడమే దాని పని. సుల్తాను ఖజానా అధికారికి ఆ వార్త తెలిసింది. ఖజానాలో ఆయన చేతివాటం ఎంత జరిగిందో ఆ త్రాసు చెప్పేస్తుంది గదా! భయపడిపోయిన ఆ అధికారి త్రాసును విరగ్గొట్టి ముక్కలు చేయించాడు. ఆ సంగతి విన్న ఇస్ఫిజారీ దిగులుతో మంచం పట్టి, ఆ దుఃఖంలోనే కన్నుమూశారు.

మరొకరైతే ఆ జోలికే పోయేవారు కారు. ఖాజినీ పోయారు. పైగా ఆ త్రాసు వంటిదే మళ్లీ నిర్మించింది సంజర్ ఖజానా కోసమే. ఖజానాదారు ఇంట పెరిగిన మనిషికి ఖజానాల లోగుట్టు తెలియకపోదు. వేయి దీనార్లు వెనక్కి పంపిన మనిషిని కొనడమూ ఎవరికీ సాధ్యం కాదు. నా మట్టుకు నాకు, ఆ పిల్లి కథ ఒట్టి వినోదం కోసం చెప్పుకునేది కాదనిపిస్తుంది. అంత ఖచ్చితమైన త్రాసును ఖజానాలో నిలబెట్టాలంటే, దాన్ని చేసినవాడికి ఆ ఖజానా నుంచి ఏమీ అక్కర ఉండకూడదు.

హిజ్రీ 515 (క్రీ.శ. 1121–22)లో ఆయన ఈ విద్య మొత్తాన్ని ‘మీజానుల్ హిక్మా’ అనే గ్రంథంగా రచించారు. జ్ఞానపు త్రాసు అని అర్థం. ఎనిమిది భాగాల ఈ గ్రంథం ఆరంభంలో న్యాయాన్ని గురించి చక్కని చర్చ ఉంది. మనుషుల మధ్య తీర్పు చెప్పేవి అల్లాహ్ గ్రంథం, సన్మార్గాన ఉన్న విద్వాంసులు, త్రాసు అని మూడింటిని ఆయన ఒక వరుసలో నిలిపారు. అంగడిలో వేలాడే వస్తువుకు అంత గౌరవం ఇచ్చిన గ్రంథం నాకు మరొకటి కనపడలేదు.

ఆ త్రాసు దండె పొడవు నాలుగు మూరలు, అంటే సుమారు రెండు మీటర్లు. దానికి ఐదు పళ్లాలు. వాటిలో ఒకటి నీటిలో మునిగేది. నీటిని సులువుగా చీల్చుకుని దిగడానికి దాని అడుగు కొసదేలి ఉంటుంది. దండె మీద అటూ ఇటూ జరపగల పళ్లాలూ ఉన్నాయి. ఏ లోహానికి ఏ గుర్తు దగ్గర పళ్లెం నిలపాలో దండె మీద గీతలు ఉంటాయి. వేయి మిస్ఖాళ్ల బరువు వేసినా ఒక గింజ ఎత్తు తేడా కూడా తెలిసేదట. అరవై వేలలో ఒక వంతు తేడాను పట్టగలిగేదని పరిశోధకుల అంచనా. మిస్ఖాల్ మనకు కొత్త మాట కాదు. బంగారం మీద జకాత్ విధి అయ్యే ఇరవై మిస్ఖాళ్ల లెక్కలోని మిస్ఖాలే అది.

నీటిలో తూచడం ఎందుకు? నీటిలో ముంచిన వస్తువు తాను పక్కకు తోసిన నీటి బరువంత తేలికపడుతుందని గ్రీకు పండితుడు ఆర్కిమెడిస్ కనిపెట్టారు. ఖాజినీ లెక్క ప్రకారం బంగారం అంతే పరిమాణం గల నీటికన్నా 19.05 రెట్లు బరువు, వెండి 10.30 రెట్లు. కనుక వంద తులాల మేలిమి బంగారం నీటిలో సుమారు అయిదుంబావు తులాలు తేలికపడుతుంది. వంద తులాల వెండి అయితే సుమారు తొమ్మిదిన్నర తులాలకు పైనే. ఎవరైనా తెచ్చిన వంద తులాల నగ నీటిలో ఏడు తులాలు తగ్గిందనుకోండి. అందులో బంగారం అరవై ఒక్క తులాలే, మిగిలిన ముప్పై తొమ్మిదీ వెండి అని కూర్చున్నచోటే చెప్పేయవచ్చు. గీటురాయి మీద గీస్తే నగ పైపూత తెలుస్తుంది. లోపలిది చెప్పేది నీరే. నగను కరగబెట్టనక్కర లేదు, గీయనక్కర లేదు.

ఈ అంకెలలో చాలాభాగం అంతకు ముందు అబూ రైహాన్ బైరూనీ చేసిన కొలతల ఫలితమేనని ఖాజినీ దాచుకోకుండా చెప్పారు. ఏ నీటితో, ఏ ఋతువులో తూచారన్నది కూడా గ్రంథంలో ఉంది. ఖ్వారజంలోని జుర్జానియాలో, జైహూన్ నది నీటితో, శరత్కాలం మొదట్లో ఆ తూకాలు జరిగాయి. నీరు వేడెక్కితే పలుచబడుతుందని, చోటు మారితే నీరూ మారుతుందని వారికి తెలుసు. పాదరసానికి 13.56, సీసానికి 11.32 అని ఇచ్చారు. నేటి ప్రయోగశాలలు చెప్పే అంకెలకు ఇవి వెంట్రుకవాసి దూరంలో ఉన్నాయి. వస్తువు నీటిలోనే కాదు, గాలిలో కూడా కొంత తేలికపడుతుందని, గాలి చిక్కబడితే మరికాస్త తేలికపడుతుందని ఖాజినీ వివరించారు. ఉమర్ ఖయ్యాంను మన లోకం రుబాయీల కవిగానే ఎరుగును. ఆయన చేసిన నీటి త్రాసు వర్ణన భద్రంగా మిగిలింది ఈ గ్రంథంలోనే.

గ్రంథంలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం త్రాసు ఇరుసును గురించినది. ఇంట్లో పిల్లలు వాడే చెక్క స్కేలు తీసుకుని చూస్తే విషయం తేలికగా బోధపడుతుంది. స్కేలు సరిగ్గా మధ్య బిందువున రంధ్రం చేసి మేకుకు తగిలిస్తే, దాన్ని ఎలా వాల్చి వదిలితే అలాగే నిలుస్తుంది. మధ్య నిలువు గీత మీదనే రంధ్రం కాస్త పైకి జరిపితే, ఎటు వాల్చినా ఊగి ఊగి తిరిగి సమంగా వచ్చి ఆగుతుంది. రంధ్రం కాస్త కిందికి జరిపితే, చిన్న కదలికకే తల్లకిందులవుతుంది. బరువు కేంద్రానికి, ఇరుసుకు మధ్య ఉన్న ఈ సంబంధాన్ని ఖాజినీ రేఖాగణితంతో తేల్చి, మూడు ఇరుసులకు మూడు పేర్లు వాడారు. మొదటిది ఇఅతిదాల్, రెండోది ఇల్జామ్, మూడోది ఇన్ఖిలాబ్. ఉర్దూ తెలిసినవారికి ‘ఇన్ఖిలాబ్’ అనగానే విప్లవ నినాదాలు గుర్తుకొస్తాయి. ఇక్కడ ఆ మాటకు అర్థం త్రాసు దండె బోర్లాపడడం.

అంగడి త్రాసుకు రెండో ఇరుసే కావాలి. అయితే ఇరుసు మరీ పైన ఉంటే దండె మొండికేస్తుంది, చిన్న తేడాను చూపదు. కేంద్రానికి మరీ దగ్గరగా ఉంటే ముల్లు ఎంతసేపటికీ కుదుటపడదు. ఈ రెంటి నడుమ చోటు ఎంచడంలోనే త్రాసు చేసేవాడి నేర్పంతా ఉంది. నీటిపై తేలే వస్తువుల విషయం కూడా ఖాజినీ ఈ గ్రంథంలోనే ఆర్కిమెడిస్, మెనలావుస్ వంటి పూర్వుల సిద్ధాంతాలతో కలిపి చర్చించారు. పండితులు అబూ సహల్ కూహీ, ఇబ్నుల్ హైసం భార కేంద్రాలపై చెప్పినదానికీ అందులో చోటుంది. గ్రీకు నుంచి అరబీలోకి వచ్చిన విద్య ఒక గ్రీకు సంతతి బానిస చేతిలో ఇలా కొత్త రూపు దిద్దుకున్నది.

ఆయన పేరు మళ్లీ గ్రీకు దేశానికీ చేరింది. ఖాజినీ ఖగోళ పట్టికలను పదమూడో శతాబ్దం చివర గ్రెగరీ ఖియోనియాదిస్ అనే క్రైస్తవ పండితుడు గ్రీకు భాషలోకి తెచ్చారు. మర్వ్ మాత్రం అప్పటికే లేదు. 1153లో గుజ్ తెగలవారు సుల్తాన్ సంజర్‌ను బందీగా పట్టుకుని నగరాన్ని దోచారు. 1221లో మంగోలులు దాన్ని నేలమట్టం చేశారు. యాఖూత్ చెప్పిన గ్రంథాలయాల్లో ఒక్కటీ మిగల్లేదు. సంజర్ సమాధి మందిరం మాత్రం ఇప్పటికీ నిలిచి ఉంది. 1999లో యునెస్కో ఆ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

‘మీజానుల్ హిక్మా’ ఎలాగో బతికి బయటపడింది. తబ్రీజ్‌లో రష్యా రాయబార అధికారిగా ఉన్న ఖానికోవ్‌కు ఒక రాతప్రతి దొరకగా, దానిలోని కొన్ని భాగాలు 1859–60లో అమెరికాలో ప్రాచ్య విద్యల పత్రిక ఒకటి అనువాదంతో సహా ప్రచురించింది. గ్రంథాన్ని అరబీలో పుస్తకంగా ముద్రించే భాగ్యం మాత్రం మన హైదరాబాదుకు దక్కింది. ముంబయిలోను, హైదరాబాదులోను ఉన్న రాతప్రతుల ఆధారంగా దాయిరతుల్ మఆరిఫిల్ ఉస్మానియా సంస్థ హిజ్రీ 1359 (క్రీ.శ. 1940–41)లో దీన్ని అచ్చువేసింది. కైరోలో మరో ముద్రణ వచ్చింది ఆ తర్వాత ఆరేడేళ్లకు, 1947లో.