జానుతెనుగున శరణుల చరితము: పాల్కురికి సోమనాథుడు

1167 ప్రాంతమున కల్యాణపట్టణమున కల్లోలము చెలరేగి బిజ్జలుడు హతుడయ్యెను. శరణులు చెట్టుకొకరు పుట్టకొకరుగా చెదరిపోయిరి. వారి చరితములు భక్తుల నోళ్లలో, పాటలలో నిలిచెను. పాడువారు గతించినచో అవియు గతించునవే.

వానిని తెలుగున భద్రపరచిన మహనీయుడు పాల్కురికి సోమనాథుడు. విష్ణురామిదేవుడు, శ్రియాదేవి ఆయన తల్లిదండ్రులు. కాకతీయుల కాలమువాడు. సంస్కృతాంధ్ర కర్ణాట భాషలలో దిట్టయయ్యు, పండితసభలు మెచ్చు చంపూమార్గమును విడిచి, పామరులు సైతము పాడుకొనదగిన ద్విపదను, ఎల్లరకు తెలియు జానుతెనుగును చేపట్టెను. పురాతన భక్తుల గాథలను గూర్చి బసవపురాణమును ఏడాశ్వాసములుగా రచించెను. మడివాలు మాచయ్య, మాదార చెన్నయ్య వంటి కాయకజీవులకు అందు రాజులకు మించిన పీఠము లభించెను. పిమ్మట పండితారాధ్యచరిత్రమున శ్రీశైల యాత్రికులు పాడు తుమ్మెదపదములను, వెన్నెలపదములను సైతము పేర్కొని ప్రజల పాటకు గౌరవము కూర్చెను.

1369లో భీమకవి బసవపురాణమును కన్నడమున రచించెను. కల్యాణమును వీడిన శరణుల కథలు ఈ విధముగా తెలుగు ద్విపద నుండి కన్నడసీమకు మరలెను.

ఆపత్కాలమున జనులకు ధైర్యము కావలెనన్న, వారెరిగిన తేటమాటలలో సజ్జనుల కథ చెప్పవలెనని సోమనాథుని జీవితము బోధించుచున్నది. ఇంటింట పిల్లలకు దినమునకు నాలుగు ద్విపదలైనను చదివి వినిపించుటయే ఆయన ఋణము తీర్చు మార్గము.