డాక్టర్ మారియా మాంటిస్సోరి - శిశుగణితం

శిశువులకు లెక్కలు నేర్పే మార్గాన్ని మార్చిన డాక్టర్ మారియా మాంటిస్సోరి 1870లో ఇటలీలో జన్మించారు. వైద్యవిద్య నభ్యసించి, మందబుద్ధులని సంఘం విడిచిన పిల్లలకు వస్తువుల ద్వారా చదువు నేర్పారు. ఆ అనుభవంతోనే 1907 జనవరి 6న రోము నగరంలో, సాన్ లొరెంజో అనే నిరుపేదల పేటలో, 'శిశుగృహం' ప్రారంభించారు.

ఆమె పద్ధతిలో గణితం నోటితో గాక చేతితో మొదలవుతుంది. ఎరుపు, నీలం పట్టెల కర్రలు పది. మొదటిది 10 సెంటీమీటర్లు, చివరిది మీటరు. వాటిని వరుసగా పేర్చిన శిశువుకు ఐదు కంటె ఆరు ఎంత ఎక్కువో ఒకరు చెప్పనక్కరలేదు. ఇక కదుళ్ల పెట్టె. ఒకటి మొదలు తొమ్మిది వరకు అరలు నింపేసరికి 45 కదుళ్లూ చెల్లిపోతాయి. సున్న అర ఖాళీగానే మిగులుతుంది. శూన్యభావాన్ని ఇంత సులువుగా బోధించిన వారిని మేమెరుగము. తరువాత చేర్చిన బంగారు పూసలతో వేయి అనేది చేతికి బరువుగా తెలిసింది. మన బడులలో ఎక్కాలు గడగడా అప్పజెప్పి, గుప్పెడు చింతగింజలను నలుగురికి సమంగా పంచలేక తెల్లబోయే బాలురు ఎందరో! ఆమె పరికరాలు ఖరీదైనవే కాని, చింతగింజలు కావు.

1939లో ఆమె మద్రాసులోని అడయారుకు వచ్చారు. మరుసటి ఏడు ఇటలీ యుద్ధంలో దిగగా, ప్రభుత్వం ఆమె కుమారుణ్ణి కొంతకాలం నిర్బంధించింది. అయినను ఆమె మన దేశంలో వందలాది ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చారు. 1952 మే 6న నెదర్లాండ్స్‌లో కన్నుమూశారు.