కోమా గుంపును తూచిన జ్వికీ

1925లో ఫెలోషిప్ మీద కాలిఫోర్నియా వచ్చిన ఓ కుర్ర భౌతిక శాస్త్రవేత్త ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్లు అక్కడే గడిపారు. కాల్టెక్‌లో ప్రొఫెసర్ అయ్యారు. ఏరోజెట్ సంస్థలో రాకెట్ పరిశోధనలు నడిపారు. 1949లో అమెరికా ప్రభుత్వం మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ఇచ్చింది. స్విస్ పాస్‌పోర్టు మాత్రం చివరిదాకా వదల్లేదు. గ్రీన్ కార్డు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే మనకు ఇది కాస్త వింతగానే తోస్తుంది. ఆయన పేరు ఫ్రిట్జ్ జ్వికీ.

పుట్టింది 1898లో, బల్గేరియాలోని వార్నా రేవు పట్టణంలో. వ్యాపారం చదువుకుంటాడని ఆరేళ్లకే స్విట్జర్లాండ్‌లోని గ్లారుస్‌కు, తాత, నానమ్మల దగ్గరికి పంపారు. ఆ పిల్లవాడికి లెక్కల మీద మనసు పడింది. జ్యూరిక్‌లో డాక్టరేట్ చేసి అమెరికా చేరారు.

ఆయన్ను చరిత్రలో నిలిపింది 1933 నాటి ఒక లెక్క. కోమా గుంపులోని గెలాక్సీల వేగాలు చూశారు. తీర్థంలో రంగులరాట్నం ఎంత జోరుగా తిరిగితే కుర్చీని పట్టి ఉంచే గొలుసు అంత గట్టిదై ఉండాలి కదా. అక్కడ గొలుసు పని చేసేది గురుత్వాకర్షణ. కంటికి కనిపించే నక్షత్రాల బరువు ఆ వేగానికి ఏ మూలకూ చాలదు. దాదాపు 400 రెట్లు బరువు ఉండాలని తేల్చి, ఆ కనిపించనిదాన్ని కృష్ణ పదార్థం అన్నారు. అప్పట్లో గెలాక్సీల దూరాలు తప్పుగా తెలిసినందున ఆ అంకె తర్వాత బాగా తగ్గింది. అసలు విషయం మాత్రం నిలబడింది. అయినా 1970లలో వెరా రూబిన్ వంటివారి కొలతలు వచ్చేదాకా ఎక్కువమంది దాన్ని పట్టించుకోలేదు.

తప్పంతా లోకానిదే అనలేం. జ్వికీది నోటి దురుసు. తోటివాళ్లను నలుగురిలో తిట్టిపోసేవారు. పెద్ద నక్షత్రం పేలి న్యూట్రాన్ నక్షత్రంగా మిగులుతుందని 1934లో తనతో కలిసి ప్రతిపాదించిన వాల్టర్ బాడేతోనే తర్వాత వైరం పెట్టుకున్నారు. యుద్ధంలో దెబ్బతిన్న యూరప్ గ్రంథాలయాలకు టన్నులకొద్దీ పుస్తకాలు సేకరించి పంపినవారూ ఆయనే!

పాలోమార్ కొండ మీద 18 అంగుళాల చిన్న టెలిస్కోపుతో ఆకాశాన్ని జల్లెడ పట్టారు. జీవితకాలంలో సుమారు 120 సూపర్‌నోవాలు కనిపెట్టారు. మసక గెలాక్సీలు అరుదని హబుల్ వంటి పెద్దలు అనుకుంటున్న రోజుల్లో, వెలుగు తగ్గేకొద్దీ వాటి సంఖ్య పెరుగుతుందని జ్వికీ వాదించారు. 1942లో లియో ఎ అనే బుల్లి గెలాక్సీని పట్టుకున్నారు. గెలాక్సీలు ఒకదాన్నొకటి రాసుకుపోయినప్పుడు బయటికి లాగబడ్డ పదార్థంలోంచి చిన్న గెలాక్సీలు పుట్టవచ్చని 1956లో రాశారు.

2015లో పీటర్ వాన్ డొక్కుమ్, రాబర్టో అబ్రహం బృందం కానన్ కెమెరా లెన్సులను కట్టగట్టి అదే కోమా గుంపును చూసింది. 47 మసక గెలాక్సీలు బయటపడ్డాయి. సైజు మన పాలపుంతంత, నక్షత్రాలు అందులో వందో వంతో, వెయ్యో వంతో. ఇంత పల్చగా ఎలా అయ్యాయి? ఒక వివరణ జ్వికీ సూపర్‌నోవాలే. వరుస పేలుళ్లు వాయువును బయటికి తోసేస్తే లోపలి పట్టు సడలి, నక్షత్రాలు, కృష్ణ పదార్థం రెండూ దూరంగా జరుగుతాయి.

2018లో అదే బృందం ఇంకో చిక్కుముడి తెచ్చింది. డీఎఫ్2 అనే మసక గెలాక్సీలో కదలికలు ఎంత నెమ్మది అంటే, నక్షత్రాల బరువే దాదాపు సరిపోతోంది. కృష్ణ పదార్థం ఉన్న జాడ లేదు. దాని దూరంపై పెద్ద వాదనే నడిచింది. పెద్ద గెలాక్సీ పక్కగా పోయేటప్పుడు చిన్నదాని అంచుల్లో వదులుగా ఉన్న కృష్ణ పదార్థమే ముందు ఊడిపోతుందని కొందరంటారు. రెండు గెలాక్సీలు వేగంగా ఢీకొంటే వాయువు మధ్యలో చిక్కుకుంటుంది, కృష్ణ పదార్థం ఆగకుండా దాటిపోతుంది, ఆ వాయువులోంచే కొత్త గెలాక్సీ పుట్టిందని ఇంకొందరు. 1956లో జ్వికీ చెప్పిన దారిలో పుట్టినా కృష్ణ పదార్థం దాదాపు ఉండదు. ఏది నిజమో ఇంకా తేలలేదు.

ఈ గొడవలేవీ చూడకుండానే జ్వికీ 1974 ఫిబ్రవరి 8న పసడీనాలో కన్నుమూశారు. సమాధి మాత్రం గ్లారుస్ ప్రాంతంలోని మోలిస్ అనే ఊళ్లో ఉంది.