జార్జ్ గాలప్

జార్జ్ హొరేస్ గాలప్ (1901 నవంబరు 18 - 1984 జూలై 26) అమెరికాకు చెందిన ప్రజాభిప్రాయ పరిశోధకుడు. కొద్దివేల మందిని ప్రశ్నించి కోట్లాది ఓటర్ల మొగ్గును ఎన్నికలకు ముందే అంచనా కట్టే విధానానికి శాస్త్రీయ రూపం కల్పించినవారిలో ప్రముఖుడు. నార్వే, ఫిన్లాండ్ వంటి దేశాలలో ఇతని ఇంటిపేరే అభిప్రాయ సేకరణకు సామాన్య నామంగా మారిపోయింది. 1936 నాటి అమెరికా అధ్యక్ష ఎన్నికలు ఇతనికి కీర్తి తెచ్చిపెట్టగా, 1948 ఎన్నికలు ఆ కీర్తిని దాదాపు తుడిచిపెట్టాయి.

బాల్యం, విద్యాభ్యాసం

గాలప్ అయోవా రాష్ట్రంలోని జెఫర్సన్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రికి పాడి పశువులు ఉండేవి. బాలుడైన గాలప్ ఇంటింటికీ పాలు పోసి సంపాదించిన సొమ్ముతో తన ఉన్నత పాఠశాలలో ఒక పత్రికను ప్రారంభించాడు. తరువాత అయోవా విశ్వవిద్యాలయంలో చేరి, అక్కడి విద్యార్థుల దినపత్రిక "డైలీ అయోవన్"కు సంపాదకత్వం వహించాడు. 1923లో బి.ఎ., 1925లో ఎం.ఎ., 1928లో అనువర్తిత మనస్తత్వ శాస్త్రంలో డాక్టరేటు పొందాడు. 1925లో ఒఫీలియా మిల్లర్‌ను వివాహమాడాడు.

పత్రికా పాఠకులు దేనిని నిజంగా చదువుతారో కనిపెట్టే పద్ధతి ఇతని డాక్టరేటు పరిశోధనాంశం. పత్రికలో ఏమేమి చదివారని అడిగితే చాలామంది గొప్పకోసం సంపాదకీయమనో, ముఖ్య వార్తలనో చెప్పేవారు. గాలప్ పత్రిక ప్రతిని పాఠకుని ముందు పెట్టి, పుట తరువాత పుట తిప్పుతూ ఒక్కొక్క అంశాన్నీ చూపి అడిగాడు. ఎక్కువమంది చూసేది బొమ్మలు, హాస్య చిత్రాలని తేలింది. మనిషి తన గురించి చెప్పుకొనే మాటకూ అతని నడవడికీ మధ్యగల ఈ అంతరం ఆ తరువాత ఇతని వృత్తి జీవితమంతటా ఎదురవుతూనే ఉంది.

అధ్యాపకత్వం నుండి సర్వేల వరకు

డ్రేక్, నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయాలలో పాత్రికేయ శాస్త్రం బోధించిన పిమ్మట, 1932లో న్యూయార్కులోని యంగ్ అండ్ రూబికామ్ అనే ప్రకటనల సంస్థలో పరిశోధన విభాగానికి అధిపతిగా చేరి 1947 వరకు పనిచేశాడు. అదే 1932లో ఇతని అత్తగారు ఓలా బాబ్‌కాక్ మిల్లర్ డెమొక్రాటిక్ పార్టీ తరఫున అయోవా రాష్ట్ర కార్యదర్శి పదవికి పోటీచేసి గెలుపొందింది. ఆ రాష్ట్రం అప్పటికి చిరకాలంగా రిపబ్లికన్లకు పెట్టనికోట. ఎన్నికల లెక్కలపై గాలప్‌కు ఆసక్తి కలిగించినవాటిలో ఈ విజయాన్ని కూడా చెబుతారు.

1935లో న్యూజెర్సీ రాష్ట్రంలోని ప్రిన్స్‌టన్‌లో "అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఒపీనియన్"ను స్థాపించాడు. దాని సర్వేల ఫలితాలు పత్రికలలో శీర్షికగా వెలువడేవి.

1936 ఎన్నికలు

ఆ రోజులలో ఎన్నికల జోస్యానికి "లిటరరీ డైజెస్ట్" వారపత్రిక పెట్టింది పేరు. 1920 నుండి 1932 వరకు జరిగిన నాలుగు ఎన్నికలలోనూ విజేతను అది సరిగా చెప్పింది. 1936లో ఆ పత్రిక కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపగా 23 లక్షలకు పైగా తిరిగివచ్చాయి. వాటిని బట్టి రిపబ్లికన్ అభ్యర్థి ఆల్ఫ్ లాండన్‌కు 57, అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కు 43 శాతం ఓట్లు వస్తాయని ప్రకటించింది.

అయితే ఆ చిరునామాలు ప్రధానంగా టెలిఫోను డైరెక్టరీల నుండి, మోటారు కార్ల యజమానుల జాబితాల నుండి తీసుకొన్నవి. ఆర్థిక మాంద్యం నెలకొన్న ఆ కాలంలో ఫోను, కారు ఉన్నవారిలో రూజ్‌వెల్ట్ వ్యతిరేకులు ఎక్కువ. పైగా బ్యాలెట్లు అందుకొన్నవారిలో నాలుగోవంతు మంది కూడా జవాబివ్వలేదు. డైజెస్ట్ బ్యాలెట్లు పంపకముందే, జూలైలో, గాలప్ అదే తరహా వ్యక్తులకు సుమారు 3,000 పోస్టుకార్డులు పంపి, డైజెస్ట్ లెక్క లాండన్‌కు 56 శాతంగా తేలుతుందనీ, అది పొరపాటవుతుందనీ ముందే ప్రకటించాడు. డైజెస్ట్ సంపాదకుడు దీనికి తీవ్రంగా ఆగ్రహించాడు. గాలప్ తన అంచనా డైజెస్ట్ అంచనాకంటే తప్పితే సొమ్ము వాపసు ఇస్తానని పత్రికలకు హామీ ఇచ్చి ఉన్నాడు.

రూజ్‌వెల్ట్ దాదాపు 61 శాతం ఓట్లతో, 48 రాష్ట్రాలలో 46 గెలిచాడు. డైజెస్ట్ 1938లో మూతపడింది. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టిచూస్తే చాలునని తెలుగు ఇళ్ళలో అనే మాటనే గాలప్ గరిటెడు సూపుతో పోల్చి చెప్పేవాడు. కుండను ముందు బాగా కలియబెట్టి ఉండాలన్నది అందులోని షరతు.

1948 పరాజయం

గెలుపు సందడిలో మరుగునపడిన విషయం ఒకటి ఉంది. 1936లో గాలప్ రూజ్‌వెల్ట్‌కు ఇచ్చినది సుమారు 56 శాతమే. 1940లో 52 అన్నాడు, దాదాపు 55 వచ్చింది. 1944లో 51.5 అన్నాడు, 53 దాటింది. మూడుసార్లూ విజేత సరిపోయాడు గనుక, మూడుసార్లూ డెమొక్రాట్లకే తక్కువ చూపిన సంగతిని సామాన్య పాఠకులు పట్టించుకోలేదు.

లోపానికి మూలం "కోటా" పద్ధతిలో ఉంది. ఇంతమంది పురుషులు, ఇంతమంది స్త్రీలు, ఇన్ని ఆదాయ వర్గాలవారు అని లెక్క ఇచ్చి, ఆ లెక్కలో ఎవరిని అడగాలో సర్వే చేసేవారికే వదిలివేసేవారు. సహజంగానే వారు తేలికగా దొరికేవారిని, మర్యాదగా కనబడేవారిని, చదువుకొన్నవారిని ఎంచుకొనేవారు. స్త్రీలకూ నల్లజాతివారికీ జనాభాలో ఉన్న నిష్పత్తి ఈ నమూనాలలో ఉండేది కాదు.

1948లో డెమొక్రాటిక్ అభ్యర్థి హారీ ట్రూమన్‌కు 44.5, రిపబ్లికన్ అభ్యర్థి థామస్ డ్యూయీకి 49.5 శాతం అని గాలప్ చివరి అంచనా. నవంబరు 2న జరిగిన ఎన్నికలలో ట్రూమన్ 49.5 శాతానికి పైగా పొంది గెలిచాడు. డ్యూయీకి 45 శాతం వచ్చాయి. అక్టోబరు మధ్యలోనే ప్రశ్నించడం ఆపివేసినందున, రైలులో ఊరూరా తిరిగిన ట్రూమన్ వైపు చివరి రోజులలో మళ్ళిన ఓటర్లు లెక్కలోకి రాలేదు. డ్యూయీ గెలిచాడని శీర్షిక పెట్టిన "షికాగో ట్రిబ్యూన్" ప్రతిని ట్రూమన్ నవ్వుతూ ఎత్తి చూపిన ఛాయాచిత్రం జగత్ప్రసిద్ధం. పలు పత్రికలు గాలప్ శీర్షికను మానుకొన్నాయి.

సోషల్ సైన్స్ రీసెర్చ్ కౌన్సిల్ విచారణ సంఘాన్ని నియమించినపుడు గాలప్, తోటి సర్వే నిర్వాహకులైన రోపర్, క్రాస్లీ తమ కాగితాలన్నీ పరిశీలనకు ఇచ్చారు. ఇతని జీవితంలో 1936 విజయం కన్నా ఈ సహకారమే మెచ్చదగినది. 1949లో వెలువడిన నివేదిక కోటా పద్ధతినీ, ముందుగా ముగించడాన్నీ తప్పుబట్టింది. ఆ పిమ్మట గాలప్ ఎన్నికల రోజు సమీపించేదాకా ప్రశ్నించడం, ప్రాంతాలనూ ఇళ్ళనూ యాదృచ్ఛికంగా ఎంపిక చేయడం అనుసరించాడు. సర్వేకు సుమారు 1,500 మంది చాలారు. 1960లో కెన్నెడీ ఓట్లను ఒక శాతం తేడాతో చెప్పగలిగాడు.

ఇతర దేశాలు, విమర్శలు

1937లో ఆరంభమైన బ్రిటన్ శాఖ 1945లో లేబర్ పార్టీ ముందంజలో ఉందని చెప్పినపుడు, యుద్ధ విజేత చర్చిల్ ఓడతాడని నమ్మినవారు అరుదు. లేబర్ పార్టీయే గెలిచింది. భారతదేశంలో ఎరిక్ డ కోస్టా 1950లలో ఢిల్లీలో స్థాపించిన "ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఒపీనియన్" ఈ విధమైన సర్వేలకు నాంది పలికింది.

రెండు ఎన్నికల మధ్య కాలంలో కూడా సామాన్యుని మాట పాలకులకు వినిపించాలన్నది గాలప్ వాదం. సాల్ రే అనే కెనడియన్‌తో కలిసి 1940లో ప్రచురించిన "ద పల్స్ ఆఫ్ డెమొక్రసీ"లో దీనిని వివరించాడు. రాజకీయ పార్టీలు డబ్బు చెల్లించే సర్వేలను అంగీకరించలేదు. రాజనీతి శాస్త్రవేత్త లిండ్సే రోజర్స్ 1949లో రాసిన "ద పోల్‌స్టర్స్"లో ఈ వాదాన్ని ఖండించాడు. అప్పటికప్పుడు చెప్పిన జవాబుల మొత్తం ఆలోచించి ఏర్పరచుకొన్న ప్రజాభిప్రాయానికి సమానం కాదన్న ఆక్షేపణకు గాలప్ పూర్తి సమాధానం ఇచ్చాడనడం కష్టం.

మరణం, తదనంతరం

గాలప్ స్విట్జర్లాండులోని తన వేసవి విడిదిలో 1984 జూలై 26న గుండెపోటుతో మరణించాడు. ప్రిన్స్‌టన్‌లో ఖననం చేశారు. కుమారులు అలెక్, జార్జ్ జూనియర్ అదే వృత్తిని కొనసాగించారు. 1988లో సంస్థను నెబ్రాస్కాకు చెందిన సెలక్షన్ రీసెర్చ్ అనే సంస్థ కొనుగోలు చేసింది. 2012 ఎన్నికలలో ఒబామా గెలవగా, గాలప్ సంస్థ చివరి సర్వే రామ్నీకి ఒక శాతం ఆధిక్యం చూపింది. 2016 ఎన్నికలలో అభ్యర్థుల గెలుపోటములపై సర్వేలు జరపబోమని ఆ సంస్థ 2015లో ప్రకటించింది.