భక్త రామదాసు – రామమాడలు



మన ఆలయ జీర్ణోద్ధరణకు మీరు సమర్పించిన ప్రతి కానుకకూ ఒక రసీదు పుచ్చుకొని ఉంటారు. ఆ చిన్న కాగితాన్ని కొందరు పూజామందిరంలో భద్రపరచి ఉంటారు, మరికొందరు బీరువాలో పెట్టి మరచిపోయి ఉంటారు. దాదాపు మూడున్నర శతాబ్దాల క్రితం మన తెలంగాణ గడ్డపై ఒక మహాభక్తుడు స్వామికి ఆలయం నిర్మించి, వెచ్చించిన ధనానికి లెక్క అప్పజెప్పలేక గోల్కొండ చెరసాలలో మగ్గిపోయాడు. చివరకు ఆ బాకీని స్వామియే స్వయంగా చెల్లించి, రసీదు వ్రాయించుకొని వచ్చి భక్తుని చెంత ఉంచాడని మన పెద్దల విశ్వాసం. ఆ భక్తుడు కంచర్ల గోపన్న. లోకం ఆయనను భద్రాచల రామదాసుగా కొలుస్తున్నది. స్వామి చెల్లించినవని చెప్పే ఆ నాణేలే రామమాడలు.

రామమాడ పేరు వినగానే చెవులు రిక్కించేవారు మరికొందరు కూడ ఉన్నారు. వారు పురాతన నాణేల సేకర్తలు. శ్రీరామ పట్టాభిషేక దృశ్యం ముద్రించిన పాతకాలపు బంగారు నాణెం వేలంపాటకు వచ్చినదంటే, దానిని దక్కించుకొనవలెనని కలలు కనేవారు ఎందరో. అట్టి నాణేనికి మన నాట ఇంతటి ఖ్యాతి తెచ్చిన మహనీయుని చరిత్రను ఈ మహాకుంభాభిషేక శుభసమయాన స్మరించుకొందాము.

జననం – సంస్కారం

ఖమ్మం జిల్లా నేలకొండపల్లి గోపన్న జన్మస్థలం. లింగన్న, కామాంబ ఆయన తల్లిదండ్రులు. క్రీ.శ. 1620 ప్రాంతంలో జన్మించినట్లు పలువురి అభిప్రాయం. నియోగి బ్రాహ్మణ కుటుంబం కావడంతో లెక్కలు, కరణీకం, రాజకార్యాలు ఆ ఇంటికి క్రొత్త కావు. రఘునాథ భట్టరు ఆయనకు గురువు. కబీరుదాసు అనే ముస్లిం భక్తుడు ఆయనకు రామ తారకమంత్రం ఉపదేశించినట్లు కూడ ప్రతీతి కలదు. పాలకుల మతం వేరైనా భక్తికి ఎల్లలు లేని ఆనాటి సమాజాన్ని ఈ కథ మనకు గుర్తు చేస్తుంది.

ధర్మపత్ని కమలమ్మతో కలసి గోపన్న తమ ఇంట నిత్యం అన్నసంతర్పణ జరిపేవాడట. అట్టి ఒక సంతర్పణ నాడు ఆయన కుమారుడు గంజిగుంటలో పడి విగతజీవుడు కాగా, అతిథుల భోజనం ముగిసేవరకు ఆ దుఃఖాన్ని దిగమ్రింగి, తరువాత స్వామిని ప్రార్థించి బిడ్డను తిరిగి పొందాడని భక్తులు చెప్పుకొంటారు. అన్నదానం చేసే ప్రతి ఆలయంలోనూ తలచుకొనదగిన కథ ఇది.

తహసీలుదారు పదవి

ఆ కాలంలో గోల్కొండను పాలించిన చివరి కుతుబ్‌షాహీ సుల్తాను అబుల్ హసన్ తానీషా. ఆయన 1672లో సింహాసనం అధిష్ఠించాడు. మాదన్న ఆ రాజ్యానికి మహామంత్రి, ఆయన సోదరుడు అక్కన్న కూడ ఉన్నత పదవిలో ఉండేవాడు. వీరిరువురూ గోపన్నకు దగ్గరి బంధువులు. వారి ప్రాపకంతో గోపన్నకు పాల్వంచ పరగణా తహసీలుదారు పదవి లభించింది. రైతుల నుండి శిస్తు వసూలు చేసి గోల్కొండ ఖజానాకు చేర్చడం ఆయన విధి. ఆ పరగణాలోనే గోదావరీ తీరాన భద్రగిరి ఉన్నది.

ఆలయ నిర్మాణం

భద్రగిరిపై వెలసిన స్వామిని మొట్టమొదట కనుగొన్న పుణ్యాత్మురాలు పోకల దమ్మక్క. స్వామిపై తాటాకు పందిరి వేసి, అడవిలో దొరికే పండ్లు నివేదిస్తూ సేవించినది ఆమెయే. పదవీబాధ్యతలపై ఆ ప్రాంతానికి వచ్చిన గోపన్న, చతుర్భుజుడై సీతమ్మను అంకమున ఉంచుకొన్న స్వామి ఎండకూ వానకూ ఆకుల పందిరి క్రింద ఉండటం చూచి తల్లడిల్లాడు. ఆలయం నిర్మింపవలెనని సంకల్పించాడు.

మొదట ప్రజల నుండి విరాళాలు సేకరించాడు. పల్లెల ప్రజలు ఇచ్చినది ఆ మహాసంకల్పానికి చాలలేదు. అప్పుడు ఖజానాకు చేర్చవలసిన శిస్తు ధనాన్ని, సుల్తాను అనుమతి పొందకుండానే, గోపన్న నిర్మాణానికి వినియోగించాడు. ప్రాకారం, గోపురం, మండపాలు లేచాయి. స్వామికి కలికితురాయి, సీతమ్మకు చింతాకు పతకం మొదలైన ఆభరణాలు చేయించాడు. శిఖరంపై నెలకొల్పవలసిన సుదర్శన చక్రం ఎంత ప్రయత్నించినా కుదరక, గోదావరిలో స్నానమాచరిస్తుండగా స్వామి అనుగ్రహంతో గోపన్న చేతికే లభించిందని స్థలపురాణం. మన ఆలయ శిఖరంపై కలశ ప్రతిష్ఠను దర్శించే వేళ మీరు ఆ చక్రాన్ని కూడ మనసులో దర్శింపగలరు.

చెరసాల

ఖజానాకు రావలసిన ఆరు లక్షలు రాలేదని సుల్తానుకు తెలిసింది. ఇక్కడ మనం నిష్పక్షపాతంగా ఆలోచింపవలసి ఉన్నది. శిస్తు రాజ్యపు సొమ్ము. దానికి లెక్క అడగడం పాలకుని ధర్మం. గోపన్న ఒక్క కాసైనా సొంతానికి వాడుకొనలేదు, అయినను ఇచ్చిన అధికారాన్ని దాటి ఖర్చు పెట్టిన మాట నిజం. మహామంత్రి బంధువు అయినప్పటికీ ఆయనకు మినహాయింపు లభించలేదు. గోల్కొండ కోటలో పన్నెండేండ్లు బందీగా ఉన్నాడని ప్రతీతి. కోటను దర్శించేవారు నేటికీ రామదాసు బందీఖానాను, అక్కడ గోడపై ఆయన చెక్కుకొన్నట్లు చెప్పే శ్రీరామాదుల రూపాలను చూడవచ్చును.

ఆ చీకటి గదిలోనే తెలుగు కీర్తన సాహిత్యానికి ఒక వెలుగు పుట్టింది. దెబ్బలకు ఓర్వలేక స్వామిని వేడుకొన్నాడు, సీతమ్మను సిఫారసు చేయుమని బ్రతిమాలాడు. ఒక దశలో సహనం నశించి, చేయించిన నగలన్నిటినీ ఒక్కొక్కటిగా ఎత్తి చూపి స్వామినే నిలదీశాడు. వెంటనే పశ్చాత్తాపపడి క్షమాపణ వేడుకొన్నాడు. గమనింపుడు, కోపంలో కూడ ఆయన నోట వచ్చినది లెక్కయే. ఏ నగకు ఎంత అయినదో తహసీలుదారు గోపన్న మరువలేదు. ఆ కీర్తనలతో పాటు దాశరథీ శతకం కూడ ఆయన మనకు మిగిల్చిన సంపద. తరువాతి కాలంలో త్యాగరాజస్వామి వంటి మహావాగ్గేయకారుడు ఆయనను భక్తితో స్మరించాడు. 1964లో చిత్తూరు నాగయ్య, 2006లో అక్కినేని నాగార్జున వెండితెరపై ధరించిన పాత్ర ఈ మహనీయునిదే.

రామమాడలు

ఒకనాటి అర్ధరాత్రి ఇరువురు తేజోమూర్తులైన యువకులు తానీషా శయనాగారంలో సాక్షాత్కరించారనీ, రామోజీ, లక్ష్మోజీ అని పేర్లు చెప్పుకొని గోపన్న బాకీ ఆరు లక్షలూ కుమ్మరించి, చెల్లు రసీదు వ్రాయించుకొన్నారనీ, ఆ రసీదును నిద్రిస్తున్న గోపన్న చెంత ఉంచి అంతర్ధానమయ్యారనీ భక్తుల గాథ. తెల్లవారిన పిమ్మట సంగతి గ్రహించిన సుల్తాను గోపన్నను విడిపించి క్షమాపణ కోరుకొన్నాడు. తనకు దక్కిన దర్శనభాగ్యం పన్నెండేండ్లు తపించిన తనకు దక్కలేదని గోపన్న విలపించాడు. సొమ్మంతా తిరిగి ఇవ్వబోగా ఆయన స్వీకరింపలేదనీ, గుర్తుగా మాత్రమే కొన్ని నాణేలు నిలిచాయనీ చెబుతారు. భద్రాచల క్షేత్రంలో రామమాడలను భక్తులు నేటికీ భక్తితో తలచుకొంటారు.

మాడ అన్నది మన భాషలో బంగారు నాణేనికి పాత పేరు. కాకతీయుల నాటి దానశాసనాలలోనే ఆలయాలకు మాడలు సమర్పించిన ప్రస్తావనలు కలవు. గోల్కొండ రాజ్యంలో పెద్ద లెక్కలకూ, వజ్రాల వ్యాపారానికీ బంగారు వరహాలు వాడుకలో ఉండేవి. సుల్తానులు తమ పేర ముద్రించినవి ప్రధానంగా రాగి నాణేలు. వరహా సుమారు 3.4 గ్రాములు తూగుతుంది. గోపన్న బాకీని వరహాలలో లెక్కించినచో ఆరు లక్షలకు రెండు వేల కిలోల పైచిలుకు బంగారం అవుతుంది. ఒక తహసీలుదారు జీవితకాలమంతా శ్రమించినా తీర్చలేని బాకీ అది.

నాణేల పరిశోధకులు రామమాడల వంటి వాటిని రామటంకాలు అంటారు. ఒక వైపు సింహాసనంపై సీతారాములు, చుట్టూ సోదరులు, ఆంజనేయుడు. రెండవ వైపు ధనుర్ధారులైన రామలక్ష్మణులు గాని, ఆంజనేయుడు గాని ఉంటారు. కొన్ని ప్రాచీన స్వర్ణ టంకాలు గిన్నెవలె లోతుగా ఉంటాయి. ఇవి అంగడిలో చెలామణి కొరకు గాక, పూజకూ కానుకకూ తయారైనవని వారి నిర్ణయం. రాజముద్రగా కూడ శ్రీరాముడు నాణేలపై వెలసిన సందర్భాలు కలవు. విజయనగర పాలకుడైన ఆరవీటి తిరుమలరాయలు సీతారాముల రూపంతో బంగారు నాణేలు ముద్రించాడు. అక్బరు చక్రవర్తి తన పాలన చివరి రోజులలో, 1604-05 ప్రాంతంలో, సీతారాముల బొమ్మతో ముద్రింపజేసిన బంగారు అర మొహరు ప్రపంచంలో అత్యంత అరుదైన నాణేలలో ఒకటి. ఒకటి లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది.

ఇట్టి ఖ్యాతి ఉన్నచోట మోసం కూడ ఉంటుంది. ఈస్టిండియా కంపెనీ పేరుతో, 1818 సంవత్సరం వేసి, శ్రీరామ పట్టాభిషేకం ముద్రించిన బిళ్ళలను అపూర్వ నాణేలని చెప్పి అమ్మేవారున్నారు. కంపెనీ అట్టి నాణేలు ముద్రింపలేదు. మీ ఇంట పెద్దల నాటి రామటంకం ఉన్నచో పూజలో ఉంచుకొనుడు, అమ్మకానికి ఆశపడి అపరిచితుల చేతికి ఇవ్వకుడు. నూరేండ్లు దాటిన నాణేలను దేశం వెలుపలికి పంపడం 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నిషిద్ధం. ఆలయాల పునాదులు త్రవ్వేటప్పుడు పాత నాణేలు బయటపడినచో జిల్లా కలెక్టరుకు తెలియజేయడం మన విధి.

మనకు సందేశం

1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైనది. తానీషా దౌలతాబాదు కోటలో బందీగా జీవితం ముగించాడు. అంతకు మునుపే అక్కన్న, మాదన్నలు హతులైనారు. రాజ్యం, ఖజానా, దాని లెక్కల పుస్తకాలు కాలగర్భంలో కలిశాయి. గోపన్న కట్టించిన ఆలయం నిలిచింది. శ్రీరామనవమి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే సంప్రదాయం తానీషా నాటిదని చెబుతారు. నిజాముల కాలంలోనూ సాగిన ఆ మర్యాదను ప్రభుత్వం నేటికీ కొనసాగిస్తున్నది.

గోల్కొండకు దక్షిణంగా సాగే మూసీ నది నగరమంతా దాటి మన ఉప్పల్ భగాయత్ అంచున ప్రవహిస్తుంది. గోపన్న బందీగా ఉన్న కోట మనకు దూరం కాదు, ఆయన చరిత్ర అంతకన్న దూరం కాదు. ఈ జీర్ణోద్ధరణకు నాచారం పారిశ్రామికవాడలో నెల జీతంపై జీవించేవారు, ఉప్పల్ బజారులో చిన్న అంగళ్ళు నడుపుకొనేవారు, పింఛనుపై ఆధారపడిన వృద్ధులు తమ శక్తికొలది ఇచ్చారు. ఆ సొమ్ము ఇంటి ఖర్చులో నుండి తీసి ఇచ్చినది. అందుచేత ప్రతి రూపాయికీ లెక్క ఉండవలెను. లెక్క అడిగే దాత భక్తిలో తక్కువవాడు కాడు, చూపే ధర్మకర్త గౌరవంలో తగ్గడు. అంతటి భక్తుని బాకీని కూడ స్వామి ఊరక మాఫీ చేయింపలేదు. పూర్తిగా చెల్లించి, రసీదు పుచ్చుకొన్నాడు. గోపన్న కథలో మనం మరువకూడని విషయం ఇదే.

ప్రతిష్ఠ వేళ పీఠం క్రింద యంత్రంతో పాటు నవరత్నాలు, నాణేలు ఉంచుతారు. ఒకసారి పీఠం అమరిన తరువాత వాటిని ఎవరూ చూడరు, ఏ వేలంపాటకూ అవి రావు. మీరు సమర్పించిన కానుక కూడ అట్లే ఈ ఆలయపు రాతిలో, శిఖరంలో కలసిపోయినది. మీ చేతిలోని రసీదు దానికి గుర్తు. దానిని భద్రపరచుకొనుడు, మీ పిల్లలకు చూపించుడు, వారికి గోపన్న కథ చెప్పుడు.

శ్రీ సీతారామచంద్రస్వామి కృపాకటాక్షములు దాతలందరిపై, వారి కుటుంబాలపై, ఉప్పల్, నాచారం పరిసర వాసులందరిపై సదా ప్రసరించుగాక!