ఎండను పరీక్షించిన ఫిన్సెన్

ఎండకు మేని రంగు మారునని మనము గొడుగు పట్టుదుము. ఐరోపావారిలో పలువురు ఆ మార్పునే కోరి సముద్రతీరమున పరుండుదురు. కమిలిపోక చామనఛాయకు తిరుగుటకై లేపనములు పూసికొందురు. ఎండ చర్మమునకేమి చేయునో తన చేతిమీదనే పరీక్షించి చూచినవాడు నీల్స్ ఫిన్సెన్.

ఆయన 1860లో ఫారో దీవులలో జన్మించి, 1890లో కోపెన్‌హేగన్‌లో వైద్యపట్టము పొందెను. చదువు నాటినుండియు వ్యాధిగ్రస్తుడే. ఉత్తరముఖపు ఇంటిలో నివసించుచు, ఎండ తగిలిన మేలగునని తోచి, వెలుతురునే శోధింపసాగెను.

ముంజేతిపై నల్లసిరాతో పట్టీ గీసి, సుమారు మూడు గంటలు ఎండలో నుంచెను. సిరా కడుగగా దాని క్రింద చర్మము తెల్లగనే యున్నది. ఇరుప్రక్కల ఎఱ్ఱనై వాచి, కొన్ని దినములకు చామనఛాయ తేలెను. అంతటితో విడువక, సిరా లేకుండ మరల ఎండలో పెట్టెను. ఈమారు కమిలినది తెల్లని పట్టీయే! రంగెక్కిన భాగము చాలవరకు నిలిచెను. అయితే ఆ రక్షణ స్వల్పమనియు, ఆ రంగే చర్మకణములకు తగిలిన దెబ్బకు గురుతనియు నేడు తెలిసినది.

ఫిన్సెన్ మాత్రము ఆ కాంతిని చర్మక్షయ చికిత్సకు మరలించెను. 1896లో కోపెన్‌హేగన్‌లో కాంతిచికిత్సాలయము వెలసెను. 1903లో నోబెల్ బహుమానము వచ్చెను. మరుసటి యేడే, నలుబది మూడేండ్లకు, ఆయన కన్నుమూసెను.

1935లో పారిస్ రసాయనజ్ఞుడు యూజీన్ ష్యుల్లెర్ 'ఆంబ్ర్ సొలేర్' నూనెను విపణికి తెచ్చెను. సిరావలె వెలుతురునంతయు ఆపక, కమల్చు కిరణములను కొంత వడగట్టి, రంగును మాత్రము పట్టనిచ్చుట దాని పని.